వార్షిక నివేదిక: పాత ఉపగ్రహ చిత్రాల్లో మన పాటిదిబ్బలు

గౌరవ సభ్యులకు,

నెల్లూరు జిల్లాలో పాటిదిబ్బలు (పాత ఊళ్లున్న చోట మిగిలిన మట్టిదిబ్బలు) చాలావరకు కంటికి కనిపించకుండా పోయాయి. మెట్టలో పాటిమన్ను ఎరువుగా బండ్లకెక్కి పొలాల్లో కలిసింది. తీరంలో రొయ్యల గుంటల కోసం చదునుచేశారు. సోమశిల జలాశయం కింద మునిగినవి సరేసరి. ఇవన్నీ జరగకముందు తీసిన చిత్రం కావాలి కాబట్టి ఈ ఏడాది 1960-72 నాటి కరోనా ఉపగ్రహ ఫిల్ములనే పట్టుకున్నాం. (జబ్బుకు ఎంతో ముందే పుట్టిన పేరు.) అమెరికా గూఢచర్యానికి తీసిన వీటి గోప్యతను 1995లో ఎత్తేశారు.

అమెరికా భూగర్భ సర్వే సంస్థ (యూఎస్‌జీఎస్) వెబ్‌సైటు ఎర్త్ ఎక్స్‌ప్లోరర్‌లో ఇదివరకే స్కాన్ అయిన ఫ్రేము ఉచితం. కానిదానికి 30 డాలర్లు. 1967 తర్వాతి కేహెచ్-4బి (కరోనాలో చివరి రకం కెమెరా) చిత్రాలే అడగండి, వాటిలో సుమారు 1.8 మీటర్ల వివరం దాకా తెలుస్తుంది. అక్టోబరు-డిసెంబరులో తీసినవి వద్దు, మబ్బే మిగులుతుంది. కోతలయ్యి, దుక్కి దున్నిన నేలలో పాటిమన్ను రంగు తేడా బాగా తెలుస్తుంది. వరిమడిలో నీళ్లుంటే ఏమీ తెలియదు.

ఎక్కువ తప్పులు పాత చిత్రాన్ని నేటి పటానికి అతికించేటప్పుడే వచ్చాయి. కెమెరా అటూ ఇటూ తిరుగుతూ తీసినందున ఫ్రేము అంచులు సాగి ఉంటాయి, మొత్తం ఒకేసారి కూర్చోదు. 5-6 కిలోమీటర్ల ముక్కగా కోసి, క్యూజీఐఎస్ అనే ఉచిత పటాల సాఫ్ట్‌వేరులో 15-20 గుర్తులతో (చిత్రంలోనూ పటంలోనూ కనిపించే ఒకే చోట్లు) థిన్ ప్లేట్ స్ప్లైన్ అనే సాగదీసే పద్ధతి వాడండి. ఇది పెట్టిన గుర్తుల దగ్గర తప్పు సున్నా అని చూపిస్తుంది, నమ్మకండి. నాలుగైదు గుర్తులు విడిగా దాచుకుని వాటితో సరిచూడాలి. బకింగ్‌హాం కాలువ లాకులు, రైలు వంతెనలు, కోనేటి మూలలు పనికొస్తాయి. చెరువు కట్టలు పనికిరావు, తర్వాత వెడల్పయ్యాయి. పెన్న ఇసుక, సముద్రపు ఒడ్డు నిలకడలేనివి. కొండ శిఖరాన్ని మైదానపు గుర్తులతో కలపరాదు.

గుండ్రటి మచ్చ కనబడగానే దిబ్బ అనుకోవద్దు. కళ్లం కావచ్చు, గడ్డివామి కావచ్చు, ఫిల్ము మీది గీత కావచ్చు. ముందుకు, వెనక్కు చూసే రెండు కెమెరాల చిత్రాలూ తెరవండి; రెండింటిలోనూ ఉంటేనే అది నేలమీదిది. రాక్షసగుళ్ల (పెద్దరాళ్లతో కట్టిన ప్రాచీన సమాధుల) కోసం ఈ చిత్రాల్లో వెతకడం దండగ: పది మీటర్ల రాతివలయం ఐదారు చుక్కలకు (పిక్సెళ్లకు) మించదు.

పొలంలోకి రైతు అనుమతితోనే వెళ్లాలి. నలుపు-ఎరుపు ప్రాచీన కుండపెంకులు కనిపిస్తే పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, అక్కడే వదిలేయాలి. పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. గుప్తనిధుల తవ్వకాల భయం వల్ల దిబ్బల అక్షాంశ రేఖాంశాలు ఈ నివేదికలో వేయలేదు. సంఘం రిజిస్టరులో చూసుకోవచ్చు.

సోమశిల ముంపు పటం ఇంకా సగంలోనే ఉంది. నీళ్లు తగ్గే వేసవిలోనే అక్కడ నేలమీద సరిచూడగలం. ఆ తర్వాతే విడవలూరు, అల్లూరు తీరం.