తొమ్మిదో తరగతికి ముందే తేల్చుకోవాల్సిన ఊరు

సంపాదకులకు,

బదిలీ ఉత్తర్వు చేతికొచ్చిందంటే ఇంట్లో మాటలన్నీ లారీ, అద్దె ఇల్లు, అడ్వాన్సు, గ్యాస్ కనెక్షన్, కొత్త బడి ఫీజుల చుట్టూనే తిరుగుతాయి. పిల్లలు ఏ ఊరి వాళ్లవుతారన్న సంగతి ఎవరికీ తట్టదు. ఇంటర్ అయి, కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్లు చూసి ‘నాన్‌లోకల్’ అన్నప్పుడు తడుతుంది. అప్పుడిక చేయగలిగిందేమీ ఉండదు. బ్యాంకుల్లో, రైల్వేలో, ప్రైవేటు కంపెనీల్లో పనిచేస్తూ మూడేళ్లకో ఊరు మారే కుటుంబాలు ముందుగా తెలుసుకోవాల్సిన విషయాలు కొన్ని ఉన్నాయి.

మన రెండు రాష్ట్రాల్లో కాగితం మీద సొంతూరంటే తాతల ఊరు కాదు. ఆధార్‌లో ఉన్న ఊరూ కాదు, ఓటున్న ఊరూ కాదు. పిల్లవాడు చదివిన బడి ఎక్కడుంటే అదే. రాజ్యాంగం 371-డి అధికరణ కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు దీనికి ఆధారం. అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసే వరుస నాలుగు విద్యా సంవత్సరాలు ఏ ప్రాంతంలో చదివితే ఆ ప్రాంతానికి స్థానికులు. ఇంజనీరింగ్‌కు అర్హత పరీక్ష ఇంటర్ కాబట్టి 9, 10, ఇంటర్ రెండేళ్లు అన్నమాట. ఈ నాలుగూ ఒకేచోట కుదరకపోతే, ఆరో తరగతి నుంచి ఏడేళ్లూ రాష్ట్రంలోనే చదివినవారికి వాటిలో ఎక్కువ కాలం చదివిన ప్రాంతాన్ని లెక్కిస్తారు. రెండు చోట్ల సమానమైతే వాటిలో చివర చదివినదే నిలుస్తుంది. 85 శాతం సీట్లు ఈ లెక్క మీదే నిండుతాయి.

ఆంధ్రప్రదేశ్‌లో ఏయూ (ఆంధ్ర విశ్వవిద్యాలయం), ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం) అని మళ్లీ రెండు ప్రాంతాలు. నెల్లూరు ఎస్వీయూ కిందికి, పక్కనున్న ఒంగోలు ఏయూ కిందికి వస్తాయి. ఆరు నుంచి ఎనిమిది దాకా తిరుపతిలో, 9, 10 ఒంగోలులో, ఇంటర్ కర్నూలులో చదివిన అమ్మాయి ఎస్వీయూ స్థానికురాలు. ఏడేళ్లలో ఐదేళ్లు అటే ఉన్నాయి గనుక.   ఇలా కాగితం మీద ఏడు గళ్లు గీసి, ప్రతి గడిలో ఊరు రాసుకుంటే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. ఏడో తరగతి పిల్లలున్న ప్రతి ఇంట్లో ఈ పని ఈ ఏడాదే చేయాలి.

మెడిసిన్ ఆశ ఉన్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. తెలంగాణలో 2024లో నిబంధనలు సవరించి మెడికల్, డెంటల్ సీట్లకు ఏడేళ్ల లెక్క తీసేశారు. 9 నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లూ తెలంగాణలోనే చదవాలి. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. పుట్టినప్పటి నుంచి పదో తరగతి దాకా ఖమ్మంలో పెరిగి, కోచింగ్ బాగుంటుందని ఇంటర్ రెండేళ్లూ విజయవాడ హాస్టల్లో చదివినవాడు మెడిసిన్‌కు తెలంగాణలో స్థానికుడు కాడు, ఆంధ్రలోనూ కాడు. రాష్ట్ర ప్రభుత్వోద్యోగులు, అఖిల భారత సర్వీసుల అధికారులు, సైనికుల పిల్లలకు షరతులతో మినహాయింపులున్నాయి. బ్యాంకు క్లర్కు పిల్లలకు, కంపెనీ ఉద్యోగి పిల్లలకు లేవు. బదిలీ వద్దంటే ఉద్యోగం పోయేది వాళ్లకే, మినహాయింపు లేనిదీ వాళ్లకే.

కేంద్రం నడిపే ఇంజనీరింగ్ కాలేజీలైన ఎన్‌ఐటీల లెక్క ఇంకొకటి. అక్కడ సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి. సొంత రాష్ట్రమంటే పన్నెండో తరగతి పాసైన రాష్ట్రమే, వెనక ఎన్నేళ్లు ఎక్కడ చదివినా సరే. పైన చెప్పిన ఖమ్మం కుర్రాడికి తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీ సొంత రాష్ట్రపు కోటాలోకి వస్తుంది, వరంగల్ రాదు.  ఒకే పిల్లవాడు ఒకే ఏడాది మెడిసిన్‌కు ఏ రాష్ట్రం వాడూ కాడు, ఎన్‌ఐటీకి మాత్రం ఆంధ్ర వాడు!

ఉద్యోగాల దగ్గరికి వస్తే తరగతులే మారిపోతాయి. 1975 నాటి ఉత్తర్వులో 4 నుంచి 10 చూసేవారు. తెలంగాణ 2018 ఉత్తర్వులో 1 నుంచి 7 చూస్తారు, అదీ జిల్లా లెక్కన. కాబట్టి ఒకటో తరగతి కాగితం కూడా పారేయడానికి వీల్లేదు.

ఆ కాగితాల విషయంలోనే ఎక్కువ మంది దెబ్బతింటున్నారు. టీసీ ఉంటే చాలనుకుంటారు. చాలదు. టీసీలో సాధారణంగా చేరిన తేదీ, మానేసిన తేదీ, అప్పటి తరగతి ఉంటాయి. కౌన్సెలింగ్‌లో అడిగేది ఏ విద్యా సంవత్సరంలో ఏ తరగతో వరుసగా చూపించే స్టడీ సర్టిఫికెట్. బడి మారే రోజే, టీసీతోపాటే, రెండు ప్రతులు తీసుకోవాలి. అందులో బడి పేరు కింద గ్రామం, మండలం, జిల్లా ఉన్నాయా, బడి గుర్తింపు సంఖ్య అయిన 11 అంకెల యూడైస్ కోడ్ ఉందా, హెడ్మాస్టరు సంతకం మీద గుండ్రని ముద్ర పడిందా అని అక్కడే నిలబడి చూసుకోవాలి. పెద్ద కార్పొరేట్ బడుల్లో ఒక తప్పు తరచూ జరుగుతుంది. చదివింది ఒక ఊరి బ్రాంచిలో, సర్టిఫికెట్ మీద అచ్చయ్యేది హెడ్డాఫీసు చిరునామా. ఆ ఒక్క గీతతో ఊరే కాదు, ఒక్కోసారి రాష్ట్రమే మారిపోతుంది. ఏడాది మధ్యలో బడి మారితే ఆ ఏడాదికి రెండు బడుల కాగితాలూ కావాలి. లేకపోతే ఆ సంవత్సరం ఖాళీగా కనబడి వరుస తెగిపోతుంది. బడి మూతపడితే రికార్డుల కోసం మండల విద్యాధికారి (ఎంఈవో) కార్యాలయంలో అడగాలి. ఏళ్లు గడిచేకొద్దీ వెతకడం కష్టమవుతుంది. ఇంటిపేరు ఒక బడిలో ముందు, ఇంకో బడిలో వెనక రాస్తే ఇద్దరు పిల్లల్లా కనబడతారు, దాన్ని పదో తరగతి పరీక్షకు బడి పంపే విద్యార్థుల జాబితా (నామినల్ రోల్స్)కు ముందే సరిచేయించుకోవాలి.

తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువపత్రం మీద భరోసా పెట్టుకునేవారు కూడా చాలామంది. బడికి వెళ్లకుండా ప్రైవేటుగా పరీక్ష కట్టిన వారి కోసం ఉద్దేశించినదది. వేరే రాష్ట్రంలో రెగ్యులర్‌గా చదివి, ఇక్కడ ఇల్లుందని చూపిస్తే చెల్లదు. అయితే ఇంజనీరింగ్‌లో మిగిలిన 15 శాతం సీట్లకు మాత్రం తల్లి గానీ తండ్రి గానీ రాష్ట్రంలో మొత్తం 10 ఏళ్లు ఉన్నట్టు చూపే పత్రం పనికొస్తుంది. రాష్ట్రం బయట ఉద్యోగం చేసిన కాలాన్ని ఆ పదేళ్లలో కలపరు.

బెంగళూరులో స్థిరపడదామా, తిరిగొద్దామా అని ఊగిసలాడే వాళ్లకూ ఇదే మాట. కర్ణాటకలో సర్కారు సీటుకు ఒకటి నుంచి పన్నెండు లోపు కనీసం ఏడేళ్లు అక్కడ చదివి ఉండాలన్నది ప్రధాన నిబంధన. ఎనిమిదో తరగతి దాకా హైదరాబాద్‌లో ఉంచి, ఆపైన బెంగళూరు తీసుకెళితే అక్కడ నాలుగేళ్లే అవుతాయి, ఇక్కడ చివరి నాలుగేళ్లూ పోతాయి. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఇంకో నష్టం కూడా ఉంది. తండ్రి ఉద్యోగరీత్యా ఆంధ్ర నుంచి బొంబాయి వెళ్లిన ఎస్టీ విద్యార్థి మెడికల్ సీటు కేసులో, సొంత రాష్ట్రపు రిజర్వేషన్ వలస వెళ్లిన రాష్ట్రంలో వర్తించదని 1990లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

ఇవన్నీ చూశాక చాలా ఇళ్లలో చేసేది ఒకటే. పెద్దపిల్ల తొమ్మిదికి రాగానే తల్లి, పిల్లలు ఒక ఊళ్లో ఆగిపోతారు, తండ్రి ఒక్కడే బదిలీ మీద వెళతాడు. నాలుగేళ్లు రెండు అద్దెలు, రెండు పొయ్యిలు. ఖర్చు భారమే అయినా, మెడిసిన్ రాయించాలనుకుంటే ఇప్పుడున్న నిబంధనల్లో ఇంతకంటే భద్రమైన దారి లేదు. ఇంజనీరింగ్ ఒక్కటే అయితే మాత్రం కుటుంబాన్ని విడదీసే ముందు ఆ ఏడు గళ్లు ఒకసారి నింపి చూడాలి. ఆరు నుంచి తొమ్మిది దాకా నాలుగేళ్లు ఒకే ప్రాంతంలో ఉంటే, తర్వాతి మూడేళ్లు అదే రాష్ట్రంలో ఎక్కడ చదివినా ఎక్కువ కాలం లెక్క అటే మొగ్గుతుంది.

కానీ ఈ భారమంతా కుటుంబాల మీదే ఎందుకు పడాలి? 2014 జూన్ 2 తర్వాత తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు తరలిన కుటుంబాల పిల్లలకు స్థానికత ఇస్తూ ప్రత్యేక ఉత్తర్వు తెచ్చారు, గడువు కూడా పొడిగించారు. పోలవరం ప్రాజెక్టు కోసం తెలంగాణలోని ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు ఇల్లు కదలకుండానే జనం రాష్ట్రం మారిపోయారు. ఊరు మారడం తమ చేతుల్లో లేనివాళ్లకు వెసులుబాటు ఇవ్వడం ప్రభుత్వాలకు తెలియని పని కాదు. అదే వెసులుబాటు బ్యాంకు, రైల్వే, కేంద్ర సంస్థల ఉద్యోగుల పిల్లలకూ ఇవ్వాలి. బదిలీ ఉత్తర్వు చూపించి, అంతకుముందు నాలుగేళ్లు ఇక్కడే చదివినట్టు రుజువు చేసుకుంటే స్థానికులుగా గుర్తించాలి. అది తేలేలోగా విద్యాశాఖలు ఖర్చు లేని పని ఒకటి చేయవచ్చు. ఏటా జూన్‌లో ప్రతి ఉన్నత పాఠశాల నోటీసు బోర్డు మీద ఈ లెక్కను ఒక్క పేజీలో, తెలుగులో అతికించి, ఎనిమిదో తరగతి తల్లిదండ్రుల సమావేశంలో చదివి వినిపించాలి.

– ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, కోదాడ