పురుగు వాసన పట్టే తీరు మన జిల్లాలోనే పరిశోధించనివ్వండి: వ్యవసాయ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. కీటకాలు వాసన ఎలా పడతాయి, వాటి మెదడు దాన్ని ఎలా గుర్తిస్తుంది అన్నదాని మీద పనిచేసే ల్యాబ్ ఒకటి నైరా వ్యవసాయ కళాశాలలో పెట్టించాలని, దానికి రెండు పర్మినెంట్ సైంటిస్టు పోస్టులు ఇప్పించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

మన మొక్కజొన్న రైతుకు లింగాకర్షక బుట్టలు కొత్త కాదు. 2018లో దేశంలోకి వచ్చిన కత్తెర పురుగు కోసం వీటిని వాడుతున్నారు. బుట్టలోని ల్యూర్‌కు, అంటే ఎర బిళ్లకు, ఆడ పురుగు వాసన పట్టించి ఉంటుంది, దానికి మగ రెక్కల పురుగు వచ్చి పడుతుంది. అయితే ఆ వాసన ఒక్క రసాయనం కాదు, కొన్నిటి మిశ్రమం. ఒకే జాతి పురుగులైనా ఏ పాళ్ల మిశ్రమానికి ఎక్కువగా వస్తాయన్నది ప్రాంతాన్ని బట్టి మారుతుంది. ఎక్కడో తయారైన ల్యూర్ మన చేలలో ఎంత బాగా పనిచేస్తుందో తేల్చాలంటే మన చేలో పురుగునే పరీక్షించాలి.

ఆ పరీక్ష చూడటానికి ఎంతో బాగుంటుంది. మగ పురుగు మీసాన్ని మొదట్లో కత్తిరించి, ఉప్పు ద్రావణం నింపిన రెండు సన్నటి గాజు గొట్టాల మధ్య నిలుపుతారు. దాని మీదికి వాసన కలిపిన గాలిని ఒక్క క్షణం ఊదుతారు. మీసంలోని నాడీకణాలు స్పందిస్తే తెర మీద గీత చటుక్కున కిందికి దిగి, మెల్లగా మళ్లీ పైకి వస్తుంది. వేరే పాళ్లలో ఊదితే ఇంకో లోతుకు దిగుతుంది. ఏ మిశ్రమాలను చేలో బుట్టలు పెట్టి పోల్చాలో ఆ గీతే ముందుగా చెబుతుంది. 1957లో జర్మనీలో డీట్రిచ్ ష్నైడర్ అనే శాస్త్రవేత్త పట్టు పురుగు మీసంతో ఈ పద్ధతి మొదలుపెట్టారు.

మన దేశానికి ఇది పరాయి విద్య కాదు. ఒబైద్ సిద్దిఖీ అనే మన శాస్త్రవేత్త మొదట్లో ఢిల్లీలో గోధుమ మీద పనిచేసేవారు. వడగళ్ల వాన ఆ పైరును తుడిచిపెట్టేసింది. ఆ తర్వాత ఆయన జన్యుశాస్త్రం వైపు వెళ్లారు, 1962లో ముంబైలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్)లో చేరారు. కెన్యాలో పుట్టి డబ్లిన్‌లో చదివిన వెరోనికా రోడ్రిగ్స్ ఆయన దగ్గర పరిశోధనకు అక్కడికే వచ్చారు. అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో వాసన సరిగా పట్టలేని వాటిని వేరు చేసి, ఇద్దరూ కలిసి 1978లో ఆ ఫలితాలు ప్రచురించారు. మీసంలోని నాడులు మెదడులో తమ చోటును ఎలా చేరుకుంటాయన్న ప్రశ్నను రోడ్రిగ్స్ 2010లో కన్నుమూసే దాకా వదల్లేదు. ఒక ఈగ మీద అన్నేళ్లు కూర్చోగలిగారంటే వెనకాల జీతం, ల్యాబ్, సంస్థ నిలకడగా ఉండబట్టే. సంవత్సరానికోసారి రెన్యువల్ కోసం టెన్షన్ పడే కాంట్రాక్టు ఉద్యోగంలో ఇది జరిగే పని కాదు. పోస్టులు పర్మినెంట్‌గా ఉండాలని పట్టుబడుతున్నది అందుకే.

మా దగ్గర పురుగంటే ప్రాణం పెట్టే పిల్లలున్నారు. రైతు బిడ్డలు, ఏ పురుగు ఏ వేళకి ఎగురుతుందో పుస్తకం తెరవక ముందే తెలిసినవాళ్లు. ఎమ్మెస్సీ అయ్యాక వాళ్లు బెంగళూరో హైదరాబాదో పోవాలి, లేదంటే గ్రూప్స్ కోచింగ్‌లో చేరాలి. ఆడపిల్లల్లో చాలామందికి ఆ మొదటి దారి ఇంట్లోనే మూసుకుపోతుంది.

పని కూడా కొండంత ఉంది. ఉద్దానంలో జీడిమామిడి చిగుళ్లనూ పూతనూ మాడ్చే టీ దోమ ఉంది, పేరుకు దోమే గానీ అది రసం పీల్చే పురుగు. విజయనగరం మామిడిలో పండు ఈగ ఉంది. ఆ ఈగ మగవాటిని మిథైల్ యూజినాల్ అనే రసాయనం లాగుతుందని వందేళ్ల కిందటే బీహార్‌లోని పూసాలో హౌలెట్ అనే కీటక శాస్త్రవేత్త గుర్తించారు, నేటికీ తోటల్లోని బుట్టల్లో వాడేది అదే. అలాంటి ఆకర్షణ మందు టీ దోమకూ చవగ్గా దొరికితే ఉద్దానం రైతు పూత మీద ఎన్నిసార్లు మందు కొట్టాలో ఆలోచించండి.

మీదీ ఈ జిల్లాయే కాబట్టి ఈ పంటల సంగతి మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. నైరాలో స్థలం ఉంది, కీటక శాస్త్రం చెప్పేవాళ్లున్నారు, రాగోలు పరిశోధన స్థానం దగ్గర్లోనే ఉంది. పురుగులు పెంచే గది, మీసం పరీక్ష పరికరం, ఆ రెండు పోస్టులు, ఏటా కొందరు పరిశోధక విద్యార్థులకు ఫెలోషిప్: అడుగుతున్నది ఇంతే. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయాన్ని ప్రతిపాదన పంపమని మీరు ఒక్క మాట చెప్పండి. రబీ మొక్కజొన్న విత్తే లోపు గది, పరికరం సిద్ధమైతే మొదటి పోలిక ఈ పంటలోనే చేయవచ్చు.

ఇట్లు,
ఒక జంతుశాస్త్ర అధ్యాపకుడు,
శ్రీకాకుళం