క్లిప్పు పడితే ఒకలా, టాంపాన్ పడితే ఇంకోలా

నిన్న పీరియడ్స్ మాట రాగానే గ్రూప్ అంతా సైలెంట్ అయిపోయింది కదా, అందుకే ఇది పెడుతున్నా. అమెరికన్ సైకాలజిస్ట్ టోమీ-ఆన్ రాబర్ట్స్ బృందం 2002లో ఒక ప్రయోగం ప్రచురించింది. ఒకమ్మాయి బ్యాగులోంచి కావాలనే ఏదో జారవిడుస్తుంది. కొందరి ముందు జుట్టు క్లిప్పు, ఇంకొందరి ముందు టాంపాన్ (నెలసరిలో రక్తం పీల్చుకోవడానికి లోపల పెట్టుకునే దూది చుట్ట). అంతే తేడా! టాంపాన్ చూసినవాళ్లకు ఆ అమ్మాయి అంత సమర్థురాలు కాదనిపించింది, పెద్దగా నచ్చనూ లేదు. ఆడవాళ్లకు కూడా (నాకు మనసు చివుక్కుమన్నది ఇక్కడే). పైగా టాంపాన్ చూసినవాళ్లు మొత్తం ఆడవాళ్లనే, ఏం చేయగలరన్నదానికంటే ఎలా కనిపిస్తారన్నదాన్ని బట్టి ఎక్కువగా తూచారు.

నెలసరి నొప్పి గురించి డాక్టర్ దగ్గర నోరు విప్పలేకపోయినవాళ్లు ఉంటే రాయండి. పేరు వద్దనుకుంటే నాకు విడిగా పంపండి, నేను పెడతాను.