విమానం గంటలు సిమ్యులేటర్‌లో ముగించేస్తే ఎలా?

శిక్షణ విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం. నేను మీ దగ్గర ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కోర్సు, అంటే బయట ఏమీ కనిపించకపోయినా పరికరాల్ని చూసి విమానం నడిపే అర్హత కోసం శిక్షణ, చేస్తున్నాను. ఒప్పందంలో విమానంలో చేయిస్తామని రాసిన గంటల్లో సగానికి పైగా, నన్ను ఒక్క మాట అడగకుండా, సిమ్యులేటర్‌కి మార్చేశారు. బిల్లు మాత్రం విమానం రేటుకే వేశారు. ఇదేంటని అడిగితే "రూల్స్ ఒప్పుకుంటాయి, రెండూ ఒకటే" అన్నారు. ఆ మాట తప్పు.

సిమ్యులేటర్ వద్దని నేను అనడం లేదు. హోల్డింగ్‌లోకి (దిగడానికి వంతు వచ్చేదాకా గాల్లో ఒకచోటే చుట్లు కొట్టడంలోకి) ఎలా వెళ్లాలో పదేపదే చేసి చూసుకోవడానికి, పరికరాల్ని నడిపే వాక్యూమ్ పంపు పోయి, విమానం ఎటు వాలి ఉందో చూపే ఆటిట్యూడ్ ఇండికేటర్ మెల్లగా పక్కకి వాలిపోతుంటే దాన్ని వదిలేసి మిగతా పరికరాలతో నెట్టుకురావడానికి అదే సరైన చోటు.

కానీ మీ గదిలో ఉన్నది కదలదు. మేఘంలో ఒకే తీరుగా మలుపు తిరుగుతూ ఉంటే ఇంచుమించు 20 సెకన్లకి లోపలి చెవిలోని ద్రవం కూడా ఆ వేగాన్నే అందుకుంటుంది, ఇక తిరుగుతున్నామనే తెలియదు, తీరా రెక్కలు సమం చేస్తే రెండో వైపుకి తిరిగిపోతున్నట్టు ఒళ్లంతా మొరపెడుతుంది. ఆ క్షణంలో పరికరాల్నే నమ్మి చేతులు కదపకుండా ఉండటం కదలని కుర్చీలో ఎలా వస్తుంది? బయట కనిపించకుండా కళ్లకి అడ్డంగా హుడ్ పెట్టుకుని ఎగిరినా అంచుల్లోంచి కాస్త వెలుగు, నీడ తెలుస్తూనే ఉంటాయి, అసలు మేఘంలో అదీ ఉండదు. కుదుపులు, ఆగని రేడియో మాటలు, చివర్లో కంట్రోలర్ రన్‌వే మార్చడం, ఇవన్నీ ఒకేసారి మీద పడతాయి, టెన్షన్‌గా ఉంది ఒక్క నిమిషం ఆపండి అంటే కుదరదు.

ఇక రూల్స్. ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) లైసెన్సుల నిబంధనలైన అనెక్స్ 1 అడిగే 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ సమయంలో నేల మీది శిక్షణ పరికరంలో చేసేది 20 గంటలు, ఆ పరికరం ఫ్లైట్ సిమ్యులేటర్ రకానిదైతే 30 గంటలు మించకూడదు. అది పరిమితి మాత్రమే, అంతవరకూ నింపి తీరాలని కాదు. పైగా మీ పరికరాన్ని ఏ రకం కింద ఆమోదించారో ఇంతవరకూ నాకు చూపించలేదు, ఎన్ని గంటలు లెక్కకి వస్తాయో తేలేది దాన్నిబట్టే కదా.

నాకు కావాల్సినవి చెబుతున్నాను. ఆ ఆమోదపత్రం కాపీ పంపండి. విమానంలో బాకీ పడ్డ గంటలు విమానంలోనే, ఇన్‌స్ట్రక్టర్‌తో, మంచు పట్టే ప్రమాదం, ఉరుముల మేఘాలు లేని రోజు చూసి కొన్నైనా నిజమైన మేఘాల్లో చేయించండి. అది కుదరకపోతే రెండు రేట్ల మధ్య తేడా వెనక్కి ఇవ్వండి. లాగ్‌బుక్‌లో సిమ్యులేటర్ గంటల్ని విడిగా రాసి సంతకం పెట్టండి. ఫోన్‌లో కాదు, వారంలోగా రాతపూర్వకంగా జవాబివ్వండి. లేదంటే మీకు లైసెన్సు ఇచ్చిన విమానయాన అధికారులకి ఇదే ఉత్తరం పంపుతాను.

ఇట్లు,
మీ ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ విద్యార్థి