యార్డు గేటు దగ్గర అంబలి అమ్మించండి

సంపాదకులకు నమస్కారం.

గుంటూరు మిర్చి యార్డులో ఎండాకాలంలోనే జోరు సీజను. ఘాటుకు దగ్గుతూ, ముఖానికి తువ్వాలు చుట్టుకుని టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీలకు గేటు బయట దొరికేవి టీ, మరిగి మరిగి నల్లబడిన నూనెలో వేసిన బజ్జీలు. మా అమ్మ పొలం కూలీలకు రాత్రే రాగి అంబలి కాచి, పొద్దున పుల్లటి మజ్జిగ పోసి, ఉల్లిపాయ, గోంగూర పచ్చడి నంజుకు ఇచ్చేది. అందరూ గట్టు మీద కలిసే తాగేవారు. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది, సంతోషం. మన హమాలీ చేతికి మాత్రం ఆ గ్లాసు అందలేదు. అధికారులు మహిళా సంఘాలకు యార్డు గేటు వద్ద, రైతు బజార్లలో అద్దె లేకుండా చోటు ఇవ్వాలి. అంబలి, జొన్నరొట్టె అమ్ముకోనివ్వాలి. వచ్చే సీజను కంటే ముందే ఇవ్వాలి.

– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు