చేతినొప్పి ఉన్నవాళ్లు ఒకసారి సైకిల్ తీసుకుని రండి

మా సైకిల్ షాపుకు వచ్చేవాళ్లందరికీ నమస్కారమండి. వానల్లో కాలవగట్టు మీద జారిపడి నా కుడి మణికట్టు విరిగిన సంగతి అమలాపురంలో చాలామందికి తెలుసు. ఆరు వారాలకు కట్టు విప్పారు గానీ, చేతికి పట్టు ఇంకా రాలేదు. అందుకే చక్రాల బెండు తీసే పని రెండు రోజులు ఆలస్యమవుతోంది.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. కట్టు విప్పాక నా సైకిల్ ఎక్కితే, వంతెన దాటేసరికే చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కాయి. నాది తిన్నటి హ్యాండిల్. దాని మీద మణికట్టు వెనక్కి వంగి, బరువంతా అరచేతి అంచు మీద పడుతోంది. ఆ రెండు వేళ్ల నరం వెళ్లేది అటునుంచే. మొదట మెత్తటి లావు గ్రిప్పులు వేశాను. పిడికిలి సరిగా మూసుకోలేదు, బ్రేకు అందలేదు. తర్వాత షాపులో మూలన పడున్న, కొసలు మనవైపు వంగిన పాతకాలం హ్యాండిల్ బిగించాను. తేడా ఆ సాయంత్రమే తెలిసింది. చేతులు వదులుగా వేలాడేసి, మోచేతులు మడిచి చూడండి. అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా వస్తాయి, నేలవైపు తిరగవు. వంగిన హ్యాండిల్ మీద చెయ్యి ఇంచుమించు అలాగే ఉంటుంది.

కిందటేడు కొబ్బరికాయలు ఒలిచే ఒకాయన "చెయ్యి లాగేస్తోందండి" అంటే, "అలవాటైపోతుందిలే బాబాయ్" అని పంపేశాను. ఆయన చేతికి పాత దెబ్బ ఉందని తెలిసీ హ్యాండిల్ వైపు చూడలేదు. నాదే తప్పు. మొన్న ఆయన ఇంటికెళ్లి హ్యాండిల్ మార్చి వచ్చాను.

నా దగ్గర తిన్నటి హ్యాండిల్ కొని చెయ్యి నొప్పిపడుతున్నవాళ్లు రండి. పాతది తీసుకుంటాను, ధరలో తేడా ఇస్తే చాలు, కూలి వద్దు. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే బరువు చేతుల మీదికే వస్తుంది, అదీ సరిచేస్తాను. హ్యాండిల్‌ను పట్టి ఉంచే కడ్డీ (స్టెమ్) మీద గీత కనబడేంత ఎత్తు మాత్రం లేపమనకండి, ఊడిపోయే ప్రమాదం ఉంది. వేళ్లు అందనివాళ్లకు బ్రేకు లివర్‌ను దగ్గరికి తెచ్చే స్క్రూ చాలా బ్రేకులకు ఉంటుంది. ఒక చెయ్యి బాగా బలహీనంగా ఉంటే, రెండు బ్రేకులూ ఒకే లివర్‌తో పడేది తెప్పిస్తాను.

హ్యాండిల్ నడుమ లావు కొన్నింటికి 25.4 మి.మీ., కొన్నింటికి 31.8. ఫోన్‌లో చెబితే కుదరదు, సైకిల్ తేవాలి. దిగాక కూడా తిమ్మిరి వదలకపోతే మాత్రం ముందు డాక్టరుకు చూపించుకోండి.

ఉదయం పూట రండి. బిగించాక వంతెన దాకా తొక్కి చూడండి, నప్పకపోతే మళ్లీ మారుస్తాను.