పూత మీదున్న గడ్డిపై కలుపుమందు కొట్టవద్దు

సంపాదకులు గారికి నమస్కారాలు.

విశాఖపట్నంలో మా కాలనీ పార్కులో గత నెల చూసిన ఒక సంగతి ఈ లేఖ రాయించింది. వానలు తెరిపి ఇచ్చాక నడకదారి పక్కన గడ్డిచామంతి, పల్లేరు ఏపుగా పెరిగి పూతకు వచ్చాయి. పార్కు బాగోగులు చూసే గుత్తేదారు మనిషి ఒకరు, చేతులకు తొడుగులు గానీ ముక్కుకు గుడ్డ గానీ లేకుండా, వీపున పంపు తగిలించుకుని ఆ పూల మీదే కలుపుమందు కొట్టుకుంటూ వెళ్లారు. డబ్బా మీద గ్లైఫోసేట్ అని ఉంది. మర్నాడు పొద్దున్నే వెళ్లి చూస్తే మొక్కలు వాడనే లేదు. ఈ మందుకు గడ్డి పూర్తిగా ఎండటానికి వారం, పది రోజులు పడుతుంది కనుక పూలు ఎప్పటిలాగే విచ్చుకున్నాయి. ఒక గడ్డిచామంతి పువ్వు మీద పుట్ట తేనెటీగ వాలి, నడిమి పసుపు బొట్టులో నాలుక దించి, వెనక కాళ్లకు పుప్పొడి ముద్దలు అంటించుకుని, పక్క పువ్వు మీదికి మారింది. మేడ మీద రెండు పెట్టెల్లో ఈ ఈగలనే పెంచుతున్నవాడిని కనుక, అది మా ఇంటిదేనేమో అనిపించి మనసు చివుక్కుమంది.

గుత్తేదారు గారితో ఈ మాట చెబితే, "ఇది గడ్డిని చంపే మందు మాస్టారూ, ఈగలకేం కాదు" అన్నారు. ఆయన మాటను నేను తప్పుపట్టను, ఎందుకంటే చాలాకాలం శాస్త్రం కూడా అలాగే చెప్పింది. గ్లైఫోసేట్ మొక్కల్లో ఒక ఎంజైమును అడ్డుకుని, అవి ప్రోటీన్లకు కావలసిన కొన్ని అమైనో ఆమ్లాలను తయారుచేసుకోకుండా చేస్తుంది. మనుషుల్లోనూ పశువుల్లోనూ తేనెటీగల్లోనూ ఆ ఎంజైము లేదు కాబట్టి జంతువులకు హాని ఉండదని అనుకున్నారు. అయితే అదే ఎంజైము చాలా రకాల బ్యాక్టీరియాలో ఉంది, ఆ బ్యాక్టీరియా తేనెటీగ పేగులో ఉంది. పాఠశాలలో ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పిన నేను కూడా ఈ ముడిని ఉద్యోగ విరమణ తరువాతే అర్థం చేసుకున్నాను.

మన పేగుల్లో వందల జాతుల సూక్ష్మజీవులు ఉంటే, తేనెటీగ పేగులో ముఖ్యమైనవి ఎనిమిదో తొమ్మిదో రకాలు మాత్రమే. తేనెటీగలు, వాటి దగ్గరి బంధువులైన ఈగల పూర్వీకుల నుంచి సుమారు 8 కోట్ల సంవత్సరాలుగా ఈ బ్యాక్టీరియా తరతరాలుగా వస్తున్నదని పరిశోధకులు తేల్చారు. వీటిలో స్నాడ్‌గ్రాసెల్లా అనేది పేగు గోడను అంటిపెట్టుకుని పూతలాగా పరుచుకుంటుంది. గిలియమెల్లా అనేది పుప్పొడి గోడల్లో జిగురులా ఉండే పెక్టిన్‌ను విడగొట్టి, ఈగ తనంతట తాను అరిగించుకోలేని దాన్ని ఆహారంగా మారుస్తుంది. లాక్టోబాసిల్లస్, బైఫిడోబ్యాక్టీరియం జాతులు కూడా ఉన్నాయి, మన పెరుగులోని బ్యాక్టీరియాకు దగ్గరి చుట్టాలవి. గూటి గది మూత కొరుక్కుని అప్పుడే బయటికి వచ్చిన పిల్ల ఈగను నేను ఎన్నోసార్లు దగ్గరగా చూశాను. ఒళ్లంతా బూడిదరంగు నూగుతో, నడక తడబడుతూ, తోటి ఈగల మధ్యకు చేరుతుంది. ఆ క్షణాన దాని పేగులో బ్యాక్టీరియా దాదాపు ఉండదు. పెద్ద ఈగల మధ్య తిరుగుతూ, తెట్టె మీది విసర్జక ఆనవాళ్లను తాకుతూ, నాలుగైదు రోజుల్లో మొత్తం సంపాదించుకుంటుంది. మందు అంటిన మకరందం సరిగ్గా ఆ రోజుల్లోనే గూటికి చేరితే పిల్ల ఈగకు ఆ ఆస్తి సరిగా దక్కదు.

అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో నాన్సీ మోరన్ బృందం 2018లో ప్రచురించిన అధ్యయనం ఈ సంగతినే రుజువు చేసింది. పంచదార పాకంలో కొద్దిగా గ్లైఫోసేట్ కలిపి తాగించిన ఈగల పేగుల్లో స్నాడ్‌గ్రాసెల్లా బాగా తగ్గిపోయింది. మందు వల్ల ఈగలు వెంటనే చావలేదు. తరువాత సెర్రేషియా అనే రోగకారక బ్యాక్టీరియాను తగిలించినప్పుడు అసలు తేడా బయటపడింది. పేగు ఆరోగ్యంగా ఉన్న ఈగల్లో ఎనిమిది రోజుల తరువాత సుమారు సగం బతికి ఉంటే, గ్లైఫోసేట్ తాగినవాటిలో పదింట ఒకటి మాత్రమే మిగిలింది. ఆ పరీక్షలు ఇటాలియన్ తేనెటీగ మీద జరిగాయి, మా కాలనీలో తిరిగేది వేరే జాతి. అయినా మన పుట్ట తేనెటీగలోనూ, కొండ తేనెటీగలోనూ ఈ బ్యాక్టీరియా కుటుంబాలే ఉన్నాయి కనుక ఆ ఫలితాన్ని దూరదేశపు సంగతిగా వదిలేయడం సరికాదని నా అభిప్రాయం.

మందుల భద్రతను తేల్చే ప్రాథమిక పరీక్షలో, బోనులో పెట్టిన ఈగల్లో 48 గంటలకు ఎన్ని చచ్చాయన్నదే ముఖ్యమైన లెక్క. పేగు బ్యాక్టీరియా చెడి పది రోజుల తరువాత జబ్బుతో పోయే ఈగ ఆ లెక్కలోకి రాదు. కేంద్రంలో పురుగుమందులకు అనుమతులిచ్చే రిజిస్ట్రేషన్ కమిటీ ఈ లోపాన్ని సరిచేయాలి, అందుకు సమయం పడుతుంది. విశాఖలో చేయగల పనికి మాత్రం అంత సమయం అక్కరలేదు. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల (చీడపీడల నివారణ పనికి లైసెన్సు ఉన్నవారి) ద్వారా తప్ప ఎవరూ వాడరాదని కేంద్ర వ్యవసాయ శాఖ 2022 అక్టోబరులోనే ఉత్తర్వు ఇచ్చింది. పార్కుల్లో, రోడ్డు మధ్య డివైడర్లలో, అపార్టుమెంటు ప్రాంగణాల్లో ఆ ఉత్తర్వు అమలవుతోందో లేదో చూసే బాధ్యత ఎవరిదో తేల్చి ప్రజలకు తెలియజేయాలని అధికారులను కోరుతున్నాను. గడ్డి తీయక తప్పనిచోట కొడవలితోనో యంత్రంతోనో కోయించవచ్చు, దానివల్ల నలుగురు కూలీలకు పని కూడా దొరుకుతుంది. కంబాలకొండ అడవికీ కైలాసగిరికీ ఆనుకుని ఉన్న వీధుల్లో ఈ జాగ్రత్త మరీ అవసరం, ఎందుకంటే అక్కడి తెట్టెల ఈగలు మేతకు మన వీధుల్లోకే వస్తాయి.

పెంపకందారులకు కూడా ఒక మాట చెప్పవలసి ఉంది, చెప్పడం నాకు కష్టంగానే ఉన్నా. పిల్ల పురుగులు కుళ్లే తెగులు రాకముందే, ముందుజాగ్రత్త అంటూ పాకంలో టెట్రాసైక్లిన్ అనే యాంటిబయాటిక్ కలిపి పెడతామని పెట్టెలు తిప్పుకునే ఒకాయన నాతో చాలా మామూలుగా అన్నారు. అదే టెక్సాస్ బృందం 2017లో ఈ మందునూ పరీక్షించింది. మందు ఇవ్వని ఈగల్లో మూడు రోజుల తరువాత మూడింట రెండు వంతులు గూట్లో కనిపిస్తే, మందు తిన్నవాటిలో మూడింట ఒక వంతే కనిపించాయి. జబ్బు చేసే బ్యాక్టీరియాతోపాటు కాపాడే బ్యాక్టీరియా కూడా పోతుంది మరి. 1991-92లో దక్షిణ భారతంలో పుట్ట తేనెటీగలను తుడిచిపెట్టిన థాయ్ సాక్‌బ్రూడ్ వంటి వైరస్ జబ్బులకైతే ఈ మందులు అసలే పనిచేయవు. జబ్బు నిర్ధారణ కాకుండా యాంటిబయాటిక్ పెట్టడం ఈగలకూ చెరుపే, ఆ తేనె తాగే మన పిల్లలకూ చెరుపే.

ఇది తేనెతో మాత్రమే ముడిపడిన సంగతి కాదని మన జిల్లాల రైతులకు నేను చెప్పనక్కరలేదు. అరకు లోయలో పసుపు తివాచీలా పూసే వలిసె పైరు తన పుప్పొడితో తాను గింజ కట్టలేదు, ఈగ వాలితేనే గింజ పడుతుంది. జీడిమామిడికి కూడా కీటకాల రాకపోకలు కావాలి. తేనె సేకరించే గిరిజన కుటుంబాల దగ్గర కొని అమ్మే గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం మన ఊళ్లోనే ఉంది. 500 కోట్ల రూపాయలతో 2020లో ప్రకటించిన జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్ వంటి పథకాల్లో పెట్టెలు, పరికరాలు ఇవ్వడంతోపాటు, పేగు బ్యాక్టీరియా గురించి, యాంటిబయాటిక్ వాడకం గురించి తెలుగులో ఒక పూట శిక్షణ చేర్చితే పెద్ద ఖర్చేమీ కాదు.

వలిసె పూత నవంబరులో మొదలవుతుంది. బయటి జిల్లాల నుంచి పెంపకందారులు లారీల్లో పెట్టెలు తెచ్చి పొలం గట్ల మీద దించే కాలం అదే. మందు కొట్టే కూలీలకూ పెట్టెలు దించే పెంపకందారులకూ ఈ విషయాలు ఆ లోపే చేరేలా మీ పత్రిక వ్యవసాయ పేజీలో ఒక కథనం వేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
విశాఖపట్నం.